50తో తీసి క్రాప్ చేస్తే 200 ఫొటో అవుతుందా? ఫోకల్ లెంగ్త్, పర్‌స్పెక్టివ్, రిజల్యూషన్ గొడవ

#1 వెలుగునీడ

నా దగ్గర 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ (24×36 మిల్లీమీటర్ల సెన్సార్) కెమెరా, ఒక 50 ఎంఎం లెన్స్ ఉన్నాయి. దూరంగా ఉన్నవి తీయడానికి ఇంకో లెన్స్ కొందామని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ టెన్షన్ పెరిగిందే తప్ప తేలిందేమీ లేదు. ఒకాయన "టెలీ లెన్స్ (దూరంవి దగ్గరగా చూపేది) వెనకున్న వాటిని ముందుకు లాగి నొక్కేస్తుంది" అంటాడు. ఇంకొకాయన "లెన్స్‌కీ పర్‌స్పెక్టివ్‌కీ (దగ్గరవీ దూరంవీ ఒకదాంతో పోలిస్తే ఒకటి ఎంత సైజులో కనిపిస్తాయన్నదానికీ) సంబంధమే లేదు, అంతా దూరమే" అంటాడు. మూడో ఆయన "200 దండగ, 50తో తీసి మధ్యలో కత్తిరించుకో, అదే బొమ్మ వస్తుంది" అంటాడు. ముగ్గురూ గట్టిగానే చెబుతున్నారు. ఎవరిని నమ్మాలి?

#2 జ్యామితి

ముగ్గురినీ నమ్మవచ్చు, ఒక్కొక్కరు చెప్పకుండా వదిలేసింది కలుపుకుంటే. లెక్క వేసి చూద్దాం.

సెన్సార్ మీద పడే బొమ్మ సైజు, అసలు వస్తువు సైజులో ఎంత భాగం అనేదే మాగ్నిఫికేషన్. ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ మీద 50, 200 అని ఉండే ఎంఎం అంకె) "దూరం మైనస్ ఫోకల్ లెంగ్త్"తో భాగిస్తే అది వస్తుంది. వస్తువు బాగా దూరంలో ఉంటే ఫోకల్ లెంగ్త్‌ని దూరంతో భాగించినా సరిపోతుంది.

1.7 మీటర్ల మనిషి 5 మీటర్ల దూరంలో ఉన్నాడు. ఆయనకు 10 మీటర్లు వెనక 5 మీటర్ల చెట్టు ఉంది. కెమెరా నిలువుగా పట్టుకున్నాం. 50 ఎంఎంతో తీస్తే సెన్సార్ మీద మనిషి సుమారు 17 మిల్లీమీటర్లు, చెట్టు కూడా దాదాపు 17 మిల్లీమీటర్లు. ఇప్పుడు 100 ఎంఎం తగిలించి, మనిషి మళ్లీ అదే సైజులో వచ్చేలా 10 మీటర్ల దూరానికి వెనక్కి వెళ్దాం. మనిషి 17 మిల్లీమీటర్లే. చెట్టు మాత్రం 25 అయింది! మీ మొదటాయన "ముందుకు లాగింది" అన్నది దీన్నే.

అయితే లాగింది ఎవరు? అదే 10 మీటర్ల దగ్గర నిలబడి 50తో తీయండి. మనిషి 8.5, చెట్టు 12.5. ఈ రెండింటి నిష్పత్తి 100తో వచ్చినదే. అంటే నిష్పత్తి మీరు నిలబడ్డ చోటు నుంచి వచ్చింది. లెన్స్ ఆ మొత్తాన్నీ ఒకే లెక్కన పెద్దది చేసిందంతే. రెండో ఆయన మాట ఇదీ. మూడో ఆయన సంగతి తర్వాత చూద్దాం, అది పిక్సెళ్ల వ్యవహారం.

#3 పాతరీలు

జ్యామితి గారి లెక్కకు వంక పెట్టను. కానీ "లెన్స్‌కీ పర్‌స్పెక్టివ్‌కీ సంబంధం లేదు" అని కొత్తవాళ్లకు చెప్పి వదిలేస్తే వాళ్లు ఏం చేస్తారు? 24 ఎంఎం పెట్టుకుని పోర్ట్రెయిట్‌కి బయలుదేరతారు. కెమెరా పట్టుకున్న మనిషి నిష్పత్తుల గురించి ఆలోచించడు బాబూ, ఫ్రేమ్ నింపాలని చూస్తాడు. ఫ్రేమ్ నింపాలంటే ఎక్కడ నిలబడాలో చెప్పేది లెన్సే.

తల, భుజాలు మాత్రమే వచ్చే ఫొటో అనుకోండి. నిలువు ఫ్రేమ్‌లో 60 సెంటీమీటర్ల ఎత్తు పట్టాలి. 24 ఎంఎంతో అయితే మొహానికి 42 సెంటీమీటర్ల దగ్గరకు పోవాలి. 50తో 88 సెంటీమీటర్లు. 85తో ఒకటిన్నర మీటరు. 135తో 2.4 మీటర్లు. ముక్కు కొసకూ చెవికీ మధ్య 10 సెంటీమీటర్లు ఉంటుందనుకుందాం. 42 దగ్గర నుంచి తీస్తే చెవికంటే ముక్కు 24 శాతం పెద్దగా పడుతుంది. ఒకటిన్నర మీటరు నుంచి ఆ తేడా 7 శాతం లోపే. మనం ఎదుటి మనిషితో మామూలుగా మాట్లాడే దూరం కూడా ఇంచుమించు అంతే కాబట్టి 85 తీసిన మొహం మనకు తెలిసిన మొహంలా ఉంటుంది. "85 పోర్ట్రెయిట్ లెన్స్" అనే మాట పుట్టింది ఇక్కడే. దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయకండి.

#4 లెన్స్‌పిచ్చి

సెల్ఫీలో నా ముక్కు సంగతి ఇప్పుడర్థమైంది 😄 తప్పు ఫోన్‌ది కాదు, నా చెయ్యి పొట్టి.

#5 జ్యామితి

పాతరీలు గారూ, మీరు చెప్పిన లెక్కలన్నీ నా పక్షానికే వస్తున్నాయి. ముక్కును పెద్దది చేసింది 42 సెంటీమీటర్లు. 24 ఎంఎం మిమ్మల్ని అక్కడికి రమ్మని పిలిచింది, మీరు వెళ్లారు.

#6 పాతరీలు

పిలిచినవాడి పాత్ర కూడా ఉంటుంది కదా మరి.

సినిమావాళ్లు డాలీ జూమ్ చేసేటప్పుడు చూడండి. కెమెరా వెనక్కి పోతుంటుంది, అదే వేగంతో జూమ్ లోపలికి వెళ్తుంటుంది. నటుడు అదే సైజులో ఉంటాడు, వెనక గోడ మాత్రం ఉబికి మీదికొస్తుంది. ట్రాలీ, జూమ్ ఈ రెండిట్లో ఏది లేకపోయినా ఆ షాట్ లేదు. పుస్తకంలో వాటిని విడదీయవచ్చు, ఫీల్డ్‌లో రెండూ కలిసే నడుస్తాయి.

#7 వెలుగునీడ

మాస్టారూ, జ్యామితి గారూ, ఇద్దరికీ థాంక్స్. ఈ ముక్క అర్థమైంది. 85 నా మొహాన్ని చదును చేయదు, నన్ను వెనక్కి నిలబెడుతుంది.

మరి నేను కదలకుండా ఒకేచోట నిలబడితే పర్‌స్పెక్టివ్ మారదు కదా. అలాంటప్పుడు 50తో తీసి మధ్య భాగం కత్తిరిస్తే 200తో తీసినట్టే కావాలి. ఇక 200 ఎందుకు?

#8 పిట్టచూపు

పక్షుల ఫొటోలు తీసేవాణ్ణి కాబట్టి దీనికి జవాబు నేను చెబుతా. పర్‌స్పెక్టివ్ వరకు సరిగ్గా అదే ఫొటో, ఆ మాటలో తేడా లేదు. కానీ 50 నుంచి 200కి క్రాప్ చేయాలంటే వెడల్పులో నాలుగో వంతు, ఎత్తులో నాలుగో వంతు ఉంచుకుంటారు. అంటే పదహారో వంతు. మీ 6000×4000 ఫొటోలో మిగిలేది 1500×1000. 24 మెగాపిక్సెళ్లకు డబ్బులు పెట్టి ఒకటిన్నర వాడుకుంటున్నారు.

నేను మెగాపిక్సెళ్ల లెక్క చూడను. "వస్తువు మీద ఒక్కో పిక్సెల్ ఎంత మేర పడుతోంది" అని చూస్తా. మీ సెన్సార్‌లో 36 మిల్లీమీటర్లకు 6000 పిక్సెళ్లు, అంటే ఒక్కోటి 6 మైక్రాన్లు (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్). 50 మీటర్ల దూరంలో 15 సెంటీమీటర్ల పిట్ట కొమ్మ మీద కూర్చుంది. 50 ఎంఎంతో ఒక పిక్సెల్ దాని ఒంటిమీద 6 మిల్లీమీటర్లు కప్పుతుంది. పిట్ట మొత్తానికి 25 పిక్సెళ్లు. కన్ను 4 మిల్లీమీటర్లనుకుంటే అది ఒక పిక్సెల్‌కి కూడా చాలదు. 400 ఎంఎంతో పిక్సెల్ కప్పేది 0.75 మిల్లీమీటర్. పిట్టకు 200 పిక్సెళ్లు, కంటికి ఐదు. ఐదు పిక్సెళ్లు ఉంటే కంట్లో వెలుగు చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క లేకపోతే పిట్ట బతికున్నట్టే ఉండదు.

ఎడిటింగ్‌లో ఆ 25 పిక్సెళ్లను ఎంత సాగదీసినా సైజు పెరుగుతుంది, ఈకలు మాత్రం రావు.

#9 లెన్స్‌పిచ్చి

ఏఐ అప్‌స్కేల్ చేస్తే ఈకలు కూడా వస్తున్నాయి బ్రదర్.

#10 పిట్టచూపు

వస్తాయి. ఆ పిట్టవి కావు.

#11 జ్యామితి

క్రాప్ గురించి ఇంకో రెండు విషయాలు. మొదటిది వెలుతురు. లెన్స్ మీద రాసే ఎఫ్ నంబర్ నిజానికి ఒక భాగహారం. ఫోకల్ లెంగ్త్‌ని దాంతో భాగిస్తే లెన్స్ ఎదుట నుంచి కనిపించే రంధ్రం వ్యాసం వస్తుంది. 50 ఎఫ్/2కి 25 మిల్లీమీటర్లు. 200 ఎఫ్/8కి కూడా 25 మిల్లీమీటర్లే. ఒకే చోటు నుంచి, ఒకే షట్టర్ స్పీడ్‌తో తీస్తే ఆ పిట్ట మీద నుంచి వచ్చే కాంతిలో రెండు లెన్సులూ లోపలికి తీసుకునేది ఒక్కటే. అందువల్ల 50 ఎఫ్/2లో తీసి నాలుగు రెట్లు క్రాప్ చేసిన ఫొటోలో నాయిస్ (గరుకు చుక్కలు), డెప్త్ (ఫోకస్‌లో ఉండే మేర) రెండూ 200 ఎఫ్/8 ఫొటోలో ఉన్నట్టే ఉంటాయి. 200 ఎఫ్/2.8 అయితే రంధ్రం 71 మిల్లీమీటర్లు. పెద్ద లెన్సులు బరువుగా ఉండేది ఊరికే కాదు.

రెండోది అసలు రిజల్యూషన్. కాంతి తరంగం కాబట్టి ఎంత మంచి లెన్స్ అయినా చుక్కను చుక్కగా గీయదు, చిన్న బిళ్లగా గీస్తుంది. ఆకుపచ్చ కాంతికి ఎఫ్/8 దగ్గర ఆ బిళ్ల వ్యాసం 10.7 మైక్రాన్లు, ఎఫ్/16 దగ్గర 21.5, ఎఫ్/2 దగ్గర 2.7. అయితే పక్కపక్కనున్న రెండు చుక్కలను వేరువేరుగా చూపగల అతిచిన్న కోణం ఆ 25 మిల్లీమీటర్ల రంధ్రం మీదే ఆధారపడుతుంది. ఫోకల్ లెంగ్త్ దాన్ని మార్చదు. 50 ఎఫ్/2కీ, 200 ఎఫ్/8కీ అది సుమారు 5.5 ఆర్క్ సెకన్లే. (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకన్.)

ఇప్పుడు మీ పిక్సెళ్లు చూడండి. 50 ఎంఎం వెనక ఒక్కో పిక్సెల్ 25 ఆర్క్ సెకన్లు పట్టుకుంటుంది. లెన్స్ 5.5 వరకు విడదీసి ఇవ్వగలదు, సెన్సార్‌కి 25 కంటే సన్నగా పట్టే శక్తి లేదు. వచ్చిన వివరం అక్కడే పోయింది. 200 వెనక అదే పిక్సెల్ 6.2 ఆర్క్ సెకన్లు పడుతుంది. లెన్స్ ఇచ్చేదానికీ సెన్సార్ పట్టేదానికీ దాదాపు జత కుదిరింది. అంటే ఫోకల్ లెంగ్త్ కొత్తగా వివరాన్ని పుట్టించడం లేదు. రంధ్రం గుండా వచ్చిన వివరాన్ని పిక్సెళ్లకు అందేంత పెద్దగా పరుస్తోంది.

(ఎఫ్/2 దగ్గర నిజమైన లెన్సులు ఆ సైద్ధాంతిక హద్దును అందుకోలేవు, గాజు లోపాలు ముందే అడ్డుపడతాయి. పైగా నాలుగు రెట్లు క్రాప్ చేస్తే ఆ లోపాలూ నాలుగు రెట్లు పెద్దవవుతాయి.)

#12 లెన్స్‌పిచ్చి

దీనికి చవకైన దారి ఉందిగా. ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సార్) బాడీ తీసుకుంటే 200 కాస్తా 300 అయిపోతుంది. ఉచితంగా ఒకటిన్నర రెట్లు.

#13 పిట్టచూపు

200 ఏ బాడీ మీద పెట్టినా 200గానే ఉంటుంది తమ్ముడూ. చిన్న సెన్సార్ చుట్టుపక్కల భాగం కోసేస్తుంది, అంతే. లాభం ఉందా లేదా అన్నది పిక్సెల్ సైజు చెప్పాలి. 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీలో పిక్సెల్ 3.9 మైక్రాన్లు. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్‌లో 6. ఈ రెండింటి మధ్య పిట్ట మీద నిజంగానే ఒకటిన్నర రెట్లు ఎక్కువ పిక్సెళ్లు పడతాయి. 45 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్‌తో పోలిస్తే? అందులో పిక్సెల్ 4.4. లాభం పది పన్నెండు శాతం. ఆ ఫుల్‌ఫ్రేమ్ ఫొటోనే క్రాప్ చేసుకుంటే ఇంచుమించు అక్కడికే వస్తారు, పైగా పిట్ట ఎగిరితే ఫ్రేమ్‌లో చుట్టూ జాగా ఉంటుంది.

20 మెగాపిక్సెల్ మైక్రో ఫోర్ థర్డ్స్ (సెన్సార్ ఇంకా చిన్నది) బాడీలో పిక్సెల్ 3.3 మైక్రాన్లు. దాని మీద 300 పెడితే, 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ మీద 400 పెట్టినదానికంటే పిట్ట మీద ఎక్కువ పిక్సెళ్లు పడతాయి. వెలుతురు తగ్గాక మాత్రం జ్యామితి గారు చెప్పిన రంధ్రం లెక్కే గెలుస్తుంది.

#14 కొత్తకన్ను

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నా కాంపాక్ట్ కెమెరా మీద "10ఎక్స్ జూమ్" అని ఉంది. పైన చెప్పిన మాగ్నిఫికేషనేనా అది? ఇంకొకటి, గ్రూప్ ఫొటో వైడ్‌లో (ఎక్కువ మేర పట్టేలా) తీస్తే అంచున నిలబడ్డవాళ్లు లావుగా, తల సాగినట్టు వస్తున్నారు. మధ్యలో ఉన్నవాళ్లూ వాళ్లూ నాకు ఒకే దూరంలో ఉన్నారు. మరి "అంతా దూరమే" అంటే ఎలా?

#15 లెన్స్‌పిచ్చి

10ఎక్స్ అంటే ఆ జూమ్‌లో అన్నిటికంటే పెద్ద ఫోకల్ లెంగ్త్‌ని చిన్నదానితో భాగించిన సంఖ్య. 24-240 అయితే 10ఎక్స్. 100-400 అయితే 4ఎక్సే, కానీ దూరం లాగడంలో 24-240 దాని దరిదాపులకు రాదు. బైనాక్యులర్ మీద ఉండే 8ఎక్స్ వేరే కొలత, అది కంటికి ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి మాట్లాడేవాళ్ల దగ్గర లెన్స్ కొనకండి.

#16 జ్యామితి

కొత్తకన్ను గారు మంచి ప్రశ్న వేశారు. అంచున సాగడం దూరం వల్ల కాదు. లెన్స్ లోపం కూడా కాదు. గుండ్రంగా మన చుట్టూ ఉన్న దృశ్యాన్ని బల్లపరుపు సెన్సార్ మీద, సరళరేఖలు సరళరేఖలుగానే ఉండేలా పరిస్తే అంచులు సాగక తప్పదు. మధ్య గీత నుంచి ఎంత కోణంలో పక్కకు ఉంటే అంత సాగుడు, ఆ కోణం కొసైన్‌తో ఒకటిని భాగిస్తే ఎంతో తెలుస్తుంది. ఫుల్‌ఫ్రేమ్‌లో 50 ఎంఎం మూలన ఆ కోణం 23 డిగ్రీలు, సాగుడు 9 శాతం, ఎవరూ గమనించరు. 24 ఎంఎం మూలన 42 డిగ్రీలు, సాగుడు 35 శాతం. 16 ఎంఎం మూలన 68 శాతం! బంతిని అక్కడ పెడితే గుడ్డులా వస్తుంది.

మందు తేలికే. రెండడుగులు వెనక్కి వేసి, మనుషులను మధ్యకు జరిపి, అంచుల్లో గోడనో చెట్లనో వదలండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో దీన్ని సరిచేసే టూల్స్ ఉన్నాయి గానీ తలలు సరిచేస్తే గోడలు వంగుతాయి. ఏదో ఒకటే దక్కుతుంది.

#17 పాతరీలు

అంచులు సాగడం, టెలీ నొక్కేయడం రెండిటికీ ఇంకో మూల ఉంది. ఫోన్లలో ఫొటోలు చూసే ఈ కాలంలో దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. ఫొటోను ఎంత దూరం నుంచి చూస్తున్నారు?

డార్క్‌రూమ్ రోజుల్లో మాకు నేర్పిన లెక్క ఇది. ప్రింట్ సెన్సార్ కంటే, మాకైతే నెగటివ్ కంటే, ఎన్ని రెట్లు పెద్దదో దాన్ని ఫోకల్ లెంగ్త్‌తో గుణించండి. వచ్చిన దూరంలో కన్ను పెట్టి చూస్తే పర్‌స్పెక్టివ్ కెమెరా ఉన్న చోట మీరు నిలబడి చూసినట్టే ఉంటుంది. 36 సెంటీమీటర్ల వెడల్పు ప్రింట్, అంటే పది రెట్లు. 50 ఎంఎంతో తీసినది అయితే 50 సెంటీమీటర్ల దూరం నుంచి చూడాలి. ప్రింట్ చేతిలో పట్టుకుంటే ఉండేది కూడా దాదాపు అంతే, అందుకే 50 ఫొటో మామూలుగా కనిపిస్తుంది. 200తో తీసినదాన్ని రెండు మీటర్ల దూరం నుంచి చూడాలి. ఎవరు చూస్తారు? దాన్నీ 50 సెంటీమీటర్ల నుంచే చూస్తాం, అంటే ఉండాల్సిన దానికంటే నాలుగు రెట్లు దగ్గర నుంచి. అందుకే అందులో లోతు మాయమై, అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు అనిపిస్తుంది. 24తో తీసిన ప్రింట్‌కి 24 సెంటీమీటర్ల దగ్గరకు కన్ను తీసుకెళ్లండి, ఒక కన్ను మూయండి. మూలనున్న సాగిన తలలు సర్దుకుంటాయి, ఎందుకంటే అక్కడి నుంచి మీరు వాటిని ఏటవాలుగా చూస్తున్నారు.

"నార్మల్ లెన్స్" అనే మాట కూడా ఫార్మాట్‌ను బట్టి వచ్చిందే. 24×36 ఫ్రేమ్ మూల నుంచి మూలకు 43.3 మిల్లీమీటర్లు, నార్మల్ లెన్స్ దానికి దగ్గరగా ఉండాలంటారు. 1925లో లైకా బజారులోకి వచ్చింది 50తో. ఆ తర్వాత ఆ ఫార్మాట్‌లో 50కే అలవాటు పడిపోయాం.

కాబట్టి జ్యామితి గారూ, పర్‌స్పెక్టివ్ కెమెరా నిలబడిన చోట పుడుతుంది, ఒప్పుకున్నాను, కానీ అది ఎలా అనిపిస్తుందన్నది చూసేవాడి చోటు మీద కూడా ఉంది. ఆ చోటు ఎక్కడుండాలో మళ్లీ ఫోకల్ లెంగ్తే చెబుతోంది. సంబంధం లేదనకండి.

#18 జ్యామితి

చూసే దూరం విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. "సంబంధం" అనే మాట దగ్గర మాత్రం నేను అక్కడే ఉన్నాను, మీరూ అక్కడే ఉన్నారు 🙂

#19 నిర్వాహకుడు

బాగా నడుస్తోంది, ఆపడం లేదు. క్రాప్ సెన్సార్ బ్రాండ్ల మీద వచ్చిన ఒక పోస్టు తీసేశాను, దానికి వేరే చర్చ ఉంది.

#20 రాత్రిఆకాశం

చందమామను తీసేవాళ్లకు ఈ గొడవంతా ఒక్క ఫొటోలో దొరుకుతుంది. ఆకాశంలో చంద్రుడి వెడల్పు సుమారు అర డిగ్రీ. ఫోకల్ లెంగ్త్‌ని 110తో భాగించండి, సెన్సార్ మీద చంద్రబింబం ఎన్ని మిల్లీమీటర్లు పడుతుందో వస్తుంది. 50 ఎంఎంతో అర మిల్లీమీటర్ కూడా లేదు, వెలుగునీడ గారి కెమెరాలో 76 పిక్సెళ్లు. 200తో 1.8 మిల్లీమీటర్లు, 300 పిక్సెళ్లు. 400తో 600 పిక్సెళ్లు, అప్పుడు పెద్ద గుంటలు తెలుస్తాయి.

కొండ మీద నిలబడ్డ మనిషి వెనక ఆయనంత ఎత్తున చంద్రుడు ఉండే ఫొటోలు చూసే ఉంటారు. కింద కామెంట్లలో "ఫొటోషాప్" అని రాస్తారు. చంద్రుడు మనకు ఎంత దూరంలో ఉన్నాడంటే మనం కిలోమీటర్లు నడిచినా బింబం సైజు కదలదు. మనిషి సైజు మాత్రం అడుగడుక్కీ తగ్గుతుంది. 1.7 మీటర్ల మనిషి నుంచి దాదాపు 190 మీటర్లు దూరం పోతే ఆయనా చంద్రుడూ ఒకే ఎత్తు. 20 మీటర్ల గోపురానికైతే 2.2 కిలోమీటర్లు పోవాలి. అక్కడి నుంచి 24తో తీసినా రెండూ సమానంగానే ఉంటాయి, పనికిరానంత చిన్నగా ఉంటాయంతే. దూరం కుదిర్చిన నిష్పత్తిని కంటికి ఆనేలా చేయడానికే 400 కావాలి. ఫోకల్ లెంగ్త్ పనేంటో ఇంతకంటే బాగా చూపే ఫొటో నాకు తెలియదు.

ఉదయించే చంద్రుడు కంటికి పెద్దగా కనిపించడం మాత్రం భ్రమ. కెమెరాకు అది సోకదు.

#21 పిట్టచూపు

రాత్రిఆకాశం గారు 2.2 కిలోమీటర్లు అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. అంత దూరంలో మీ లెన్స్ కంటే మధ్యనున్న గాలే రిజల్యూషన్‌ని ఎక్కువ తినేస్తుంది. ఎండ ఎక్కాక నేల మీద గాలి మరుగుతున్నట్టు కదులుతుంది, ఫొటో అంతా నీళ్లలోంచి తీసినట్టు వస్తుంది. చాలామంది ఫోకస్ పోయిందనుకుని లెన్స్‌ని సర్వీసింగ్‌కి ఇస్తారు. పొద్దున్నే తీయండి, లేదా దగ్గరకు పోండి. 600 కొన్నా ఈ రోగం కుదరదు, ఇంకా పెద్దగా కనిపిస్తుంది.

చెయ్యి వణుకుదీ ఇదే లెక్క. ఫోకల్ లెంగ్త్ ఎంతో కనీసం అందులో వంతు సెకను అంటారు కదా, 200కి 1/200. 50తో తీసి నాలుగు రెట్లు క్రాప్ చేయబోతున్నా 1/200 ఉండాల్సిందే. క్రాప్ చేసేవాళ్లు దీన్ని మర్చిపోయి లెన్స్ షార్ప్‌గా లేదంటారు.

#22 కొత్తకన్ను

వెనక భాగం మసకబారడం కూడా ఫోకల్ లెంగ్త్ వల్లే కదా? టెలీలో బాగా వస్తుంది.

#23 జ్యామితి

మళ్లీ రంధ్రం. వెనకున్నది బాగా దూరంలో ఉంటే, అక్కడి ఒక్కో వెలుగు చుక్క మీ మనిషి నిలబడ్డ చోట కొలిస్తే లెన్స్ రంధ్రమంత వెడల్పు మసకగా పరుచుకుంటుంది. 50 ఎఫ్/1.8కి 28 మిల్లీమీటర్లు, 85 ఎఫ్/1.8కి 47, 200 ఎఫ్/4కి 50. మనిషి ఒకే సైజులో వచ్చేలా నిలబడితే చివరి రెండూ దూరపు బ్యాక్‌గ్రౌండ్‌ని దాదాపు ఒకేలా కరిగిస్తాయి. అయితే 200లో వెనక తక్కువ మేర కనిపిస్తుంది కాబట్టి శుభ్రంగా అనిపిస్తుంది.

#24 వెలుగునీడ

స్నేహితుడి దగ్గర 70-200 ఎఫ్/4 తెచ్చి మీరందరూ చెప్పింది పరీక్షించాను. ట్రైపాడ్ కదపకుండా వీధి చివర బోర్డును 50తో, 200తో తీసి, 50 ఫొటోని నాలుగు రెట్లు సాగదీసి ఒకదాని మీద ఒకటి పెట్టాను. స్తంభాలు, కిటికీలు, తీగలు అన్నీ గీత తేడా లేకుండా కూర్చున్నాయి. బోర్డు మీద పెద్ద అక్షరాలు రెండింట్లోనూ చదవగలిగాను, కింద చిన్న అక్షరాల వరుస 50లో బూడిద రంగు పట్టీలా ఉంది. పర్‌స్పెక్టివ్ ఒక్కటే, రిజల్యూషన్ ఒక్కటి కాదు. 200 తీసుకోవాలని తేలిపోయింది.

ఒక్కటే అర్థం కాలేదు. అదే పని రెండు మీటర్ల దూరంలో బల్ల మీద సామాన్లు పెట్టి చేస్తే రెండు ఫొటోలూ కలవలేదు. 200 ఫొటోలో బొమ్మ చిన్నగా వచ్చింది. ఫ్రేమ్ అడ్డంగా సరిగ్గా 40 సెంటీమీటర్ల స్కేలు పట్టింది. పైగా ముందూ వెనకా ఉన్న సామాన్లు ఒకదాన్నొకటి కప్పుకునే తీరులో కూడా కొంచెం తేడా.

#25 జ్యామితి

అడ్డంగా 40 సెంటీమీటర్లు అంటే మాగ్నిఫికేషన్ 36ని 400తో భాగించినంత, 0.09. సెన్సార్ నుంచి వస్తువు వరకు రెండు మీటర్లు ఉంటే, నిజంగా 200 అయిన సాదా లెన్స్ 0.127 ఇవ్వాలి. వెనక్కి లెక్కకడితే ఆ దూరంలో మీ లెన్స్ ప్రవర్తించింది సుమారు 150లా. లెన్స్ మీద రాసిన ఫోకల్ లెంగ్త్ అనంత దూరంలో ఫోకస్ చేసినప్పటిది. చాలా ఆధునిక జూమ్‌లు దగ్గర ఫోకస్ కోసం లోపలి గాజులను జరుపుతాయి, ఆ జరపడంలో ఫోకల్ లెంగ్త్ తగ్గిపోతుంది. ఫోకస్ బ్రీతింగ్ అంటారు. పాడైంది కాదు, కంగారు పడకండి.

కప్పుకోవడంలో తేడాకు కారణం వేరు. నేను పైన "కెమెరా నిలబడ్డ చోటు" అంటూ వచ్చాను, కచ్చితంగా చెప్పాలంటే అది లెన్స్ ఎదుట నుంచి చూస్తే రంధ్రం కనిపించే చోటు. ట్రైపాడ్ కదపకపోయినా 50కి అది ఒకచోట, 70-200కి ఇంకోచోట. ఆ కొద్ది సెంటీమీటర్లు వీధి చివర బోర్డుకు లెక్కలోకి రావు. రెండు మీటర్లలో ఉన్న సామాన్లకు వస్తాయి.

#26 పాతరీలు

అంటే లెన్స్ మారిస్తే పర్‌స్పెక్టివ్ మారింది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నాను.

#27 జ్యామితి

చోటు మారింది మాస్టారూ, చోటు!